పడవలో నీళ్లు తోడిన చెయ్యి

ఎనభయ్యారు గోదావరి వరద పోయాక మూడో ఏడు, జూన్ నెల పన్నెండో తారీకు సోమవారం నాడు, శ్రీమతి బాలసరస్వతి గారు మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న మన ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా విధుల్లో చేరారు. అప్పటికి మనది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఆసుపత్రి ఉన్నచోటే ఉంది, జిల్లాయే మారింది. ఆనాటి సిబ్బందిలో ఈ చుట్టుపక్కల మిగిలినవాడు అటెండరుగా చేసి రిటైరైన వెంకట్రాజు ఒక్కడే కనుక, ఆవిడ పదవీ విరమణ సంచికకు నాలుగు మాటలు రాసి ఇమ్మని అతన్నే అడిగారు. అంచేత ఇది రాస్తున్నది వెంకట్రాజే. మూడో తరగతితో బడి మానినవాడు, పదిమంది చదివే కాగితం మీద ‘నేను, నేను’ అని రాసుకోవడానికి చెయ్యి రాక, తన సంగతి కూడా పక్కవాడి సంగతిలాగే రాస్తున్నాడు. చదివేవారు మన్నించాలి.

బాలసరస్వతి గారు పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెం. తండ్రిగారికి అక్కడి మార్కెట్‌లో ఉల్లిపాయల కొట్టు. నలుగురు కొనుగోలుదార్ల మధ్య త్రాసు ఎటు మొగ్గుతుందో చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టేనేమో, ఎంత చిన్న తేడా ఉన్నా ఆవిడ కన్ను అక్కడ ఆగిపోయేది. అయితే గూడెంలో కొల్లేరు లేదు, పడవా లేదు. ఆ రోజుల్లో మన ఆసుపత్రి పరిధిలోని లంక ఊళ్లలో సగానికి రోడ్డు లేదు. జ్వరాలవాళ్ల రక్తం, దగ్గువాళ్ల కళ్లె తెచ్చుకోవాలంటే వారానికి మూడు రోజులు నీళ్ల మీదే వెళ్లాలి. ఆ పడవ నడిపే ఉద్యోగం వెంకట్రాజుది. మొదటిరోజు ఆవిడ మైక్రోస్కోపు పెట్టె ఒళ్లో పెట్టుకుని, పడవ అడుగున కదులుతున్న నీళ్లవైపు చూసి, “ఇది మునుగుతుందా అండీ?” అని అడిగారు.

“మునగదండి.”

“మరి ఈ నీళ్లు?”

“వస్తాయండి. తోడాలండి,” అని వెంకట్రాజు పాలపొడి డబ్బా ఒకటి ఆవిడ చేతికిచ్చాడు.

ఆ నెలలో వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు దాదాపు అంతే. వెంకట్రాజు మాట పొదుపు మనిషి. ఆవిడ కూడా పనిలో ఉండగా మాట్లాడరు. అతను గెడ వేసేవాడు, ఆవిడ డబ్బాతో తోడేవారు. ఆడమనిషి చేత, అందులోనూ ఉద్యోగస్తురాలి చేత నీళ్లు తోడిస్తున్నాడని ఒడ్డున ఎవరో అంటే, “నా కాళ్ల కింద నీళ్లు నేను తోడుకుంటున్నానండి, ఆయన పని ఆయనది,” అని ఆవిడే జవాబు చెప్పారు. తొమ్మిదేళ్లు అలా తిరిగారు. ఆ తొమ్మిదేళ్లలో ఆవిడ చూసిన రక్తపు స్లైడ్లు ఎన్నో లెక్క రాసినవారు లేరుగానీ, ఒక్క స్లైడు మీదైనా పేరు తారుమారైందన్న మాట ఎవరి నోటా రాలేదు.

రెండో వానాకాలంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ దాచకుండా రాయాలి, లేకపోతే తరవాత వచ్చేది అర్థం కాదు. వెంకట్రాజు ఆ రోజుల్లో తాగేవాడు. ఒకనాడు లంక ఊరి నుంచి తిరిగి వస్తుండగా తాగిన మత్తులో పడవను దారి తప్పించి కర్ర గుంజల మీదికి ఎక్కించాడు. అడుగుపలక చిట్లింది. గాలి, వాన. ఆవిడ పెట్టెను చీర కొంగుతో మెడకు కట్టుకుని, ఒడ్డు చేరేదాకా గంటసేపు ఆపకుండా నీళ్లు తోడారు. మర్నాడు డాక్టరు గారికి చెబుతారని, ఉద్యోగం పోతుందని వెంకట్రాజు వరండాలో నిలబడి ఎదురుచూశాడు. ఆవిడ చెప్పలేదు. ఎదురుపడ్డప్పుడు మాత్రం, “నిన్న మునిగితే మైక్రోస్కోపు పోయేదండి. మళ్లీ ఇవ్వరు,” అన్నారు. తన ప్రాణం సంగతి ఎత్తలేదు.

పడవ సంగతి మాత్రం ఊళ్లో పాకి వెంకట్రాజు భార్య కాంతం చెవిన పడింది. కాంతం కేకలు వేసే మనిషి కాదు. అన్నం గిన్నె ముందు కూర్చుని, “ఇన్నాళ్లు ఊరుకున్నాను. ఇకమీదట తాగావంటే, ఇల్లు వదిలి ఎక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను. నా చేత్తో మాత్రం నీకు అన్నం పెట్టను,” అంది. వెంకట్రాజు ఆవిడ చేతిలో చెయ్యివేసి మానేశానన్నాడు. మానేశాడు.

తొంభై ఎనిమిదిలో బాలసరస్వతి గారికి తాడేపల్లిగూడెం బదిలీ అయింది. అక్కడి నుంచి ముదినేపల్లి, అక్కడి నుంచి ఏలూరు. పెద్ద ఆసుపత్రిలో కొత్త యంత్రాలు వచ్చినప్పుడు వాటిమీద చెయ్యి తిప్పడం ముందుగా నేర్చినది ఆవిడేనని, తరవాత వచ్చిన పిల్లలకు నేర్పినది కూడా ఆవిడేనని అక్కడివారు ఈనాటికీ చెప్పుకుంటారు. భర్త జనార్దనరావు గారు ఏలూరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మాయి సింధూరి చదువు అక్కడే. అయినా రెండువేల తొమ్మిదిలో ఆవిడ కోరి కోరి మళ్లీ మన ఒడ్డుకే వేయించుకున్నారు. “రోజూ ఏలూరు నుంచి ఇంత దూరం బస్సులో ఎందుకండీ,” అని అప్పటి డాక్టరు సుకుమార్ గారు అడిగితే, “అక్కడ రక్తం గొట్టాల్లో వస్తుందండి, ఇక్కడ మనుషుల్లో వస్తుంది,” అన్నారు. అప్పటికి రోడ్లు పడ్డాయి, పడవ పోయింది, వెంకట్రాజు ల్యాబు గుమ్మం దగ్గర అటెండరుగా కూర్చున్నాడు. ఆవిడ లోపలికి వస్తూ అతన్ని చూసి, “డబ్బా ఉందా అండీ?” అన్నారు. అతను తల ఊపాడు. పాలపొడి డబ్బా అప్పటికీ ఇంటి చూరులో ఉంది.

ల్యాబులో ఆవిడ పద్ధతులు ఇప్పటి సిబ్బంది అందరూ ఎరిగినవే. వచ్చిన మనిషిని నంబరుతో పిలవరు, పేరు పెట్టి గారు తగిలించి పిలుస్తారు. రిపోర్టులో ఏముందో వరండాలోకి వినపడేలా చదవరు. సూది గుచ్చే ముందు, “నిన్న ఏం తిన్నారండి, మొన్న ఏం తిన్నారండి?” అని అడుగుతారు. ఈ ప్రశ్న కొత్తవారికి వింతగా ఉంటుంది. అలాగే ల్యాబు గదిలో ఎడమ గోడ మీద నల్ల రంగుతో రాసిన వంకర అక్షరాలు రెండు వరసలున్నాయి. మూడో వరస పెచ్చు లేచి రాలిపోయింది. గోడకు సున్నం వేయించినప్పుడల్లా ఆవిడ దగ్గర నిలబడి ఆ అక్షరాల చుట్టూ వేయించారుగానీ వాటిమీద కుంచె పడనివ్వలేదు. అవి ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని కొత్తగా వచ్చిన నర్సు అలేఖ్య గారు ఎన్నోసార్లు అడిగారట. ఆవిడ నవ్వి ఊరుకునేవారట. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం ఒప్పుకున్నాడు వెంకట్రాజు.

కొల్లేరు పొంగి ఊళ్లను ముంచిన రెండువేల అయిదు వరదకు ఎనిమిదేళ్ల తరవాత సంగతి. ఆసుపత్రిలో ఉచిత శిబిరం పెట్టారు. ఊరివాళ్లతో పాటు సిబ్బందికి కూడా రక్త పరీక్ష, కడుపు స్కానింగు. వెంకట్రాజుకు అప్పటికి యాభై ఎనిమిది. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, నడుం దగ్గర మాత్రం నాలుగు వేళ్ల పొట్ట. స్కాను తీసిన బయటి డాక్టరు తెర మీద చూసి, కాలేయానికి కొవ్వు పట్టింది, రెండో దశలో ఉంది అని కాగితం మీద రాసి, అందరూ వింటుండగా, “రోజుకు ఎంత తాగుతావు?” అని అడిగాడు.

“తాగనండి.”

“అందరూ అదే చెబుతారు. షుగరు చూస్తే తొంభై నాలుగు, అద్దంలా ఉంది. లివరుకు మరి ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మందుల గదిలో ఉండే బెంజమిన్ గారు, “మా వెంకట్రాజు నీళ్ల మీద నడిచినవాడండి, నీళ్లు కలపకుండా తాగడు,” అన్నారు. బెంజమిన్ గారు ఇప్పుడు ఈ సంచిక సంపాదకులలో ఒకరు. ఈ వాక్యం కొట్టేస్తారో ఉంచుతారో వారి దయ. అందులో పగ ఏమీ లేదు. పాత పేరు ఉన్నవాడి మీద ఎవరైనా వేసే మాటే అది. వెంకట్రాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఎదురు చెప్పడం అతనికి రాదు. రెండోసారి ‘తాగనండి’ అంటే అబద్ధంలా వినపడుతుందని కూడా అనుకున్నాడు.

అతనికంటే ముందు ఆ మాటే ఇల్లు చేరింది. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి వెళ్లేసరికి కాంతం గిన్నె మూసి, గరిటె దానిమీద బోర్లించి, అరుగు మీద వెళ్లి కూర్చుంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అతను ఏమైనా చెప్పేవాడేమో. ఇరవై మూడేళ్ల కిందట చెప్పిన మాట మీద ఆవిడ నిలబడింది, అంతే. గిన్నెలో అన్నం ఉంది, వడ్డించుకుంటే వద్దనేవారు లేరు. కానీ తన చేత్తో వడ్డించుకుంటే తాగినట్టు ఒప్పుకున్నట్టే అవుతుందని అతనికి తోచింది. గిన్నె ముట్టకుండా తిరిగి వచ్చేశాడు. ఆ పూట నుంచి ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో రెండు ఇడ్లీలు తిని రోజు గడిపేవాడు. సాయంత్రం ఇంటికి వెళితే ఒకే గదిలో ఇద్దరూ ఎటువాళ్లు అటు తిరిగి ఉండేవారు. తాగనివాడికి తాగలేదని రుజువు ఎక్కడ దొరుకుతుంది? తాగినవాడికైతే వాసనైనా ఉంటుంది. ముప్ఫై ఏళ్లకు పైబడిన సంసారంలో ఆ ఒక్కమాటే అతను నిలబెట్టుకున్న ఆస్తి. అది పోతే ఇంట్లో తను ఉన్నా లేనట్టే అనిపించింది.

తొమ్మిదో రోజున బాలసరస్వతి గారు అతన్ని పిలిచారు. ఇన్నేళ్లలో ఒంటిగంటకు ఇంటికి వెళ్లకుండా అతను ఉండటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

“కాంతం గారికి ఒంట్లో బాగాలేదా అండీ?”

“బాగానే ఉందండి.”

“మీకు?”

వెంకట్రాజు జేబులోంచి శిబిరం కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అది అప్పటికి మడతల దగ్గర చిరుగుతోంది. ఆవిడ చాలాసేపు చూశారు. తాగారా అని అడగలేదు. అలా అడగనూ అడగక, తాగాడని తేల్చనూ తేల్చని మనిషి ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ ఒక్కరే. షుగరు అంకె మీద వేలు పెట్టి, “రక్తం ఇచ్చిన ముందు రోజు ఏం తిన్నారండి?” అన్నారు.

“మజ్జిగ తేటండి.”

“అంతకు ముందు రోజు?”

“అదేనండి. రెండు దోసకాయ ముక్కలూ.”

“ఎందుకండీ?”

వెంకట్రాజు తలుపు దగ్గరగా వేశాడు. తరవాత అన్నాడు: “మేత ఆపానండి.”

ఆవిడకు అర్థం కాలేదు. అతను చెప్పవలసి వచ్చింది. కాంతం తమ్ముడు అబ్బాయిరాజుకు కలిదిండి వైపు చేపల చెరువు ఉంది. సెలవు రోజుల్లో వెంకట్రాజు అక్కడికి వెళ్లి, చిల్లుల సంచుల్లో తవుడు నింపి కర్రలకు కట్టి వచ్చేవాడు. రేపు పట్టుబడికి వల వేస్తారనగా ముందు మేత ఆపేస్తారు. కడుపు ఖాళీ అయిన చేప ఐసులో చెడదు, లారీలో నిలుస్తుంది, కొనేవాడి ముందు శుభ్రంగా కనిపిస్తుంది. శిబిరంలో తన రక్తం కూడా డాక్టర్ల ముందు శుభ్రంగా కనపడాలని, అందులోనూ బాలసరస్వతి గారి ల్యాబు మనిషిగా పేరు చెడగొట్టకూడదని, మూడు రోజుల ముందు నుంచి వెంకట్రాజు అన్నం మానేశాడు.

ఆవిడ నవ్వారు. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ మనిషి అంతగా నవ్వడం ఆ ల్యాబు గోడలు అంతకు ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. నవ్వు ఆగాక, “మిమ్మల్ని ఎవరు కొంటారని అండీ?” అన్నారు. వెంకట్రాజుకు కూడా నవ్వొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

అప్పుడు ఆవిడ చెప్పినది అతనికి మాటమాటకూ గుర్తుంది. మనం తిన్న అన్నం రక్తంలో చక్కెర అవుతుంది. ఆ చక్కెరను రక్తంలోంచి తీసి ఒంట్లో సర్దే పని ఇన్సులిన్‌ది. దాన్ని తయారుచేసేది కడుపులో ఉన్న క్లోమం. మూడు పూటలా పళ్లేనికి గుట్టగా తెల్లన్నం, మధ్యలో టీలు, ఏళ్ల తరబడి అలా సాగితే ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది; క్లోమం ఇంకా ఎక్కువ తయారుచేసి ఎలాగో నెట్టుకొస్తుంది. అందరిలోనూ ఒకేలా కాదుగానీ, బక్కపల్చటివాళ్లలో కూడా ఇది జరుగుతుంది. ఇన్సులిన్ అతిగా ఉన్నన్నాళ్లూ కాలేయానికి ‘దాచిపెట్టు’ అన్న ఆజ్ఞే అందుతుంటుంది. మిగులు తిండిని అది కొవ్వు చేసి తనలోనే దాచుకుంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట ఇంకా వినదు, క్లోమం ఇంకా ఎక్కువ చెయ్యాలి. సారా చుక్క ముట్టకపోయినా ఇదంతా జరిగిపోతుంది.

“మరి షుగరు తొంభై నాలుగే కదండి,” అన్నాడు వెంకట్రాజు.

“మన పడవ మునగలేదంటే, అందులోకి నీళ్లు రాలేదనా అండీ?”

వెంకట్రాజు తల అడ్డంగా ఊపాడు.

“తోడే చెయ్యి ఆగలేదని. షుగరు అంకె పైకి చూస్తే పడవ తేలుతున్నట్టే ఉంటుంది. లోపల ఎవరో గంటలకొద్దీ తోడుతున్నారని చూడాలి కదండీ. దానికితోడు మీరు మూడు రోజులు మేత కూడా ఆపారు.”

అతనికి వెంటనే అర్థమైంది. ఎన్నో ఏళ్ల కిందట వానలో, చీర కొంగుతో మైక్రోస్కోపు మెడకు కట్టుకుని డబ్బాతో తోడుతున్న మనిషి అతని కళ్ల ముందుకు వచ్చింది. తన కడుపులో కూడా అలాంటిదొకటి చాకిరీ చేస్తోందని, దాని గోడు తాను వినలేదని అనుకున్నాడు.

ఆవిడ అప్పటికప్పుడు వదల్లేదు. ఆ రాత్రి మామూలుగా తిని పరగడుపున రమ్మన్నారు. రక్తం తీసి ఐసు డబ్బాలో పెట్టి తానే బస్సులో ఏలూరు పట్టుకెళ్లి, అక్కడ తన దగ్గర పని నేర్చిన చరణ్‌తేజ అనే కుర్రాడి చేత మూడు నెలల షుగరు సగటు, ఇన్సులిన్, కాలేయపు అంకెలు చూపించారు. సగటు ఆరు దాటింది. జబ్బు ఇంకా రాలేదుగానీ గుమ్మంలో ఉంది. ఇన్సులిన్ ఉండవలసిన హద్దుకు రెండింతలకు దగ్గరగా ఉంది. సుకుమార్ గారు కాలేయపు అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తాగుడు వల్ల చెడిన కాలేయంలో మామూలుగా ఒక అంకె పైన ఉంటుంది, ఇతనిలో రెండోది పైన ఉంది, ఇది తాగినవాడి కాగితంలా లేదు అన్నారు. అయినా ఆవిడ వెంకట్రాజుతో ఒకమాట అన్నారు: “ఇది ఆనవాలేనండి, ప్రమాణం కాదు. తాగలేదని రక్తం ఒట్టు వెయ్యదు. కాంతం గారు నమ్మాలంటే కాగితం చాలదు.”

పదకొండో రోజు ఆదివారం. బాలసరస్వతి గారు సెలవు పూట ఏలూరు నుంచి బస్సెక్కి నేరుగా వెంకట్రాజు ఇంటికి వచ్చారు. కాంతం పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. అబ్బాయిరాజు చెరువులో బొచ్చె ఒకటి, కొల్లేట్లో పట్టిన కొర్రమీను ఒకటి. చేపలు కోసి తనొక్కతే వండుకుని తింటున్న ఇల్లాలు ఆవిడ. మొగుడు పెరటి అరుగు మీద ఖాళీ కడుపుతో కూర్చుని ఉన్నాడు. అమ్మగారిని చూసి పీట వేసింది. బాలసరస్వతి గారు కాగితాలు తీసి, క్లోమమనీ ఇన్సులిననీ చెప్పుకొచ్చారు. కాంతం మర్యాదగా విన్నది, చెయ్యి ఆపకుండా కోస్తూనే విన్నది. అంతా అయ్యాక, “పెద్దచదువు మాటలండి, నాకేం తెలుస్తాయండి. ఈయన మీ ఆసుపత్రి మనిషి, మీరు వెనకేసుకొస్తారండి,” అంది. మాటలో కోపం లేదు. తలుపు మూసినట్టుంది.

బాలసరస్వతి గారు కాగితాలు సంచిలో పెట్టేశారు. కొంచెంసేపు కత్తిపీట వైపే చూసి, “ఆ రెండింటికీ లోపల అంత తేడా ఏంటి కాంతం గారూ?” అని అడిగారు.

ఇది కాంతం చదువు. వేళ్లతో విప్పి చూపించింది. కొర్రమీను లోపలంతా ఎర్రగా, బిగువుగా ఉంది. బొచ్చె కడుపు నిండా తెల్లటి కొవ్వు, దాని మధ్య కాలేయం పాలిపోయి, ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటుతోంది.

“అది కొల్లేట్లో ఎగిరెగిరి వేటాడి తిన్నదండి. దొరికిననాడు తింటది, లేనినాడు లేదండి. ఇది చెరువుదండి. పొద్దస్తమానం మూతి దగ్గరే తవుడు సంచి వేలాడతా ఉంటది. మా తమ్ముడు తెగ మేపుతాడండి, తూకం కోసం. అంచేత కార్జం ఇలాగైపోద్దండి.”

“తవుడుకేనా?”

“తవుడుకేనండి. మరి చెరువులో బొచ్చె సారా తాగుద్దా ఏంటండీ?”

అన్నాక కాంతం చెయ్యి ఆగింది. ఆవిడ కత్తిపీట మీద కాలు తీయకుండానే చేతిలో ఉన్న ఆ పాలిపోయిన ముక్క వంక చూసింది. తరవాత తల తిప్పి అరుగు మీద ఉన్న మనిషి వంక, అతని చొక్కా కింద కనపడే నాలుగు వేళ్ల పొట్ట వంక చూసింది. ఇరవై మూడేళ్లుగా ఆ మనిషికి మూడు పూటలా, చాలన్నా వినకుండా, గుట్టగా అన్నం పెట్టింది ఆవిడే. తాగుడు మాన్పించాననే సంతోషంతో పెట్టింది. బాలసరస్వతి గారు ఒక్క ముక్క మాట్లాడలేదు. అసలు అక్కడ ఇంకొక మాట అవసరం లేదని తెలిసి ఊరుకోగలగడమే ఆవిడ విద్వత్తు అని వెంకట్రాజు నమ్మకం.

కాంతం చేపల కూర వండి దించి, చేతులు కడుక్కుని వచ్చి, పళ్లెం వేసి, గిన్నె మీద బోర్లించిన గరిటె తీసింది. అలవాటు కొద్దీ గుట్టగా వేయబోతుంటే బాలసరస్వతి గారు, “సగం చాలండి. ముందు కూర, చేప ముక్క ఎక్కువ వెయ్యండి, తరవాతే అన్నం,” అన్నారు.

“పదకొండు రోజులు పెట్టలేదండి. ఇప్పుడు పెడదామంటే మీరు సగం అంటారండి,” అంది కాంతం. అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెంకట్రాజు తిన్నాడు. ముగ్గురూ తిన్నారు. ‘నేను తాగలేదు’ అని అతనూ అనలేదు, ‘నమ్ముతున్నాను’ అని ఆవిడా అనలేదు.

సుకుమార్ గారి సలహా ప్రకారం వెంకట్రాజు అన్నం సగానికి తగ్గించి, సాయంత్రాలు చెరువు గట్ల మీద నడవడం మొదలుపెట్టాడు. ఏడాదిన్నరకు తీసిన స్కానులో కొవ్వు ఒక దశ తగ్గింది, ఇన్సులిన్ హద్దులోకి వచ్చింది. ఇది అందరికీ ఇలాగే అవుతుందని బాలసరస్వతి గారు ఏనాడూ చెప్పలేదు. డాక్టరు గారిని అడగకుండా మందు మానమని, తిండి మానమని ఎవరికీ చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి, తాగుడు పేరు మోసుకుని తల దించుకుని వచ్చిన మనిషి ఎవరైనా సరే, ముందు కుర్చీ వేసి, ‘నిన్న ఏం తిన్నారండి’ అని అడిగేవారు. ఆ ప్రశ్న వల్ల ఈ ఒడ్డున ఎన్ని ఇళ్లలో గరిటెలు తిరిగి లేచాయో ఆ ఇళ్లకే తెలుసు.

ముప్ఫై ఆరేళ్ల ఎనిమిది నెలల నిష్కళంకమైన సేవను పరిసమాప్తి చేసుకుని ఈ ఫిబ్రవరి ఆఖరి తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి బాలసరస్వతి గారు, జనార్దనరావు గారితోనూ, అమ్మాయి సింధూరి కుటుంబంతోనూ, కంటిచూపు తగ్గకుండా, చేతి నిదానం చెదరకుండా, ఇతరుల కోసం తోడిన కాలమంతా ఇకపై తమ కోసం మిగుల్చుకుని, నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని వెంకట్రాజు, కాంతం కోరుకుంటున్నారు. పాలపొడి డబ్బా తుడిచి ఈ సంచికతో పాటు పంపుతున్నారు. దండ వాడిపోతుంది, శాలువా బీరువాలోకి పోతుంది. ఇది మాత్రం వంటింట్లో దేనికైనా పనికొస్తుంది.

ఇక గోడ సంగతి. ఆ ఆదివారం అన్నం తిన్న మర్నాడు, సోమవారం పొద్దున, ఎవరూ రాకముందే వెంకట్రాజు ల్యాబు తాళం తీశాడు. ఏనాడో పడవకు పుయ్యగా మిగిలిన తారు రంగు, కొబ్బరి పీచు కుంచె ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. మూడో తరగతి దాటిన తరవాత అంత పెద్ద అక్షరాలు అతను రాసింది లేదు. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ, ఎడమ గోడ మీద రాశాడు. మొదటి రెండు వరసలు ఇప్పటికీ ఉన్నాయి:

రక్తం ఇచ్చేవారు ఎప్పుడూ తినేదే తిని, చెప్పిన వేళకు ఆపి రావలెను.

పట్టుబడికి చేపకు మేత ఆపినట్టు ఆపరాదు.

రాలిపోయిన మూడో వరసలో ఏముందో అలేఖ్య గారు ఇప్పుడు తెలుసుకోవచ్చు. పదిమంది చదివే చోట ‘నేను’ అని రాసుకోవడానికి చెయ్యి రానివాడు, ఆ పొద్దున ఒక్కసారి రాశాడు:

నేను ఆపాను. నేను తాగలేదు. వెంకట్రాజు.